దీవి కోటలో మా ఊరి మేస్త్రి

నేను మొదటిసారి సముద్రాన్ని చూసింది ఇరవై రెండేళ్ళ వయసులో, పదకొండుమందిని వెంటబెట్టుకుని. వాళ్ళెవరూ కూడా అంతకుముందు సముద్రం చూసినవాళ్ళు కాదు. అందరూ మా ఊరి రాళ్ళ పనివాళ్ళు. రాయదుర్గానికీ కళ్యాణదుర్గానికీ నడుమ, బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే గాని రాని ఊరు మాది. పన్నెండుమందిమి వెళ్ళాం. పదకొండుమందిమి తిరిగొచ్చాం.

అది ఎనభైల మొదటి సంవత్సరాల సంగతి. మా వైపు వరసగా మూడేళ్ళు వానలు లేవు. వేసిన వేరుశనగ విత్తు నేలలోనే మాడిపోయింది. మూడో ఏడు మా నాయన విత్తనమే వేయలేదు. పొలంలో ఉన్న బావిని ఇంకా లోతుకు దింపిస్తే నీళ్ళు పడతాయేమోనని రాళ్ళ మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి తన మనుషులతో డెబ్బై అడుగుల దాకా తవ్వాడు. ఆ తరువాత ఒకరోజు పైకొచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, "రెడ్డీ, ఇంగ అడుగున ఏమీ ల్యా. రాయే ఉండాది. ఆ రాయి గూడా సల్లగా ల్యా" అన్నాడు. ఆ రోజుతో పని ఆగిపోయింది.

మేస్త్రికి అప్పటికి యాభై దాటి ఉంటాయి. మా ఊళ్ళో ఏ బావి చూసినా, ఏ ఇంటి గడప చూసినా అతని చేతిదే. నేను చిన్నప్పటి నుంచీ అతన్ని చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. మా ఇంట్లో పెద్దవాళ్ళకు అది నచ్చేది కాదు గాని, ఎందుకో ఎవరూ ఆపలేదు. అతను రాతి మీద ఉలి పెట్టే ముందు అరచేత్తో దాన్ని ఒకసారి తట్టేవాడు. ఎద్దును కొనేముందు వీపు తట్టినట్టు.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి ఏడాదిన్నరగా ఖాళీగా ఉన్నాను. నాతో చదివిన ఒకతని బంధువు కాంట్రాక్టరు. పడమటి తీరంలో, కన్నడ దేశంలో, సముద్రం మధ్య దీవి మీద ఒక పాత కోట ఉందనీ, గోడలు కూలిపోతున్నాయనీ, సున్నంతో పాత పద్ధతిలో రాయి పేర్చేవాళ్ళు అక్కడ దొరకడం లేదనీ కబురు పంపాడు. పనివాళ్ళను తెస్తే నన్ను సూపర్‌వైజరుగా పెట్టుకుంటానన్నాడు. ఆ కోట పేరు నేనిక్కడ రాయను. రాస్తే కొందరు మనుషులను గుర్తుపడతారు.

ఆ సాయంత్రమే మేస్త్రి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ గుడిసెలు ఊరికి కొంచెం ఎడంగా ఉండేవి. మేస్త్రి భార్య రాగులు విసురుతోంది. గింజ నలిగే చప్పుడు కంటే ఖాళీ రాయి తిరిగే చప్పుడే ఎక్కువగా వినిపించింది. నేను సంగతంతా చెప్పాను. ఐదు నెలల పని. కూలికి తోడు బియ్యం కూడా ఇస్తారు.

"సముద్రంలోనా?" అంది ఆమె. "నీళ్ళ నడుమ మనిషి ఎట్ల ఉంటాడప్పా?"

"దీవి చిన్నమ్మా. కింద నేలే ఉంటుంది. చుట్టూ కోట ఉంటుంది."

ఆమె భర్త వైపు చూసింది. మేస్త్రి నా వైపు చూశాడు. "నువ్వు గూడా వస్తాండావా?" అని అడిగాడు.

"వస్తాండా. చివరిదాకా మీతోనే ఉంటా."

"అట్లయితే సరే."

అంతకు మించి ఏమీ అడగలేదు. ముసలి అత్తనూ నాలుగు మేకలనూ చూసుకోవడానికి భార్య ఊళ్ళోనే ఉండిపోయింది. మేస్త్రి, అతని కూతురు, అల్లుడు, ఇంకో నాలుగు జంటలు బయలుదేరారు. కూతురి చంకలో రెండు నెలల ఆడపిల్ల. ఆ బిడ్డను మేం లెక్కలో వేసుకోలేదు.

*

దీవి ఒడ్డునుంచి పడవలో ముప్పావు గంట దూరం. ఒక పక్క నుంచి చూస్తే కోట కనిపించేది కాదు, చెట్లు కమ్ముకున్న గుట్టలా ఉండేది. దగ్గరికి వెళ్ళేకొద్దీ చెట్ల వెనక గోడ, గోడకు బురుజులు, బురుజుల్లో ఫిరంగి కన్నాలు తేలేవి. రాయి తుప్పు రంగులో, చిల్లులు చిల్లులుగా ఉంది. మేస్త్రి పడవ దిగీ దిగకముందే గోడను తట్టి చూశాడు. "ఇది రాయేనా? మాడిపోయిన రొట్టె మాదిరి ఉండాది" అన్నాడు. తరువాత రెండు రోజుల పాటు ఆ రాయిని కొట్టి, నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి చూసి, "కొత్తగా తీసినప్పుడు మెత్తన. గాలి తగిలేకొద్దీ గట్టిపడతాది. బుద్ధి గల రాయే" అని ఒప్పుకున్నాడు.

కోటలో మా వాళ్ళను అన్నిటికంటే ఆశ్చర్యపరచింది బావి. చుట్టూ ఉప్పునీళ్ళు. నడుమ నాలుగు బారల లోతులో తియ్యటి నీళ్ళు. మేస్త్రి తాడు వేసి కొలిచి, దోసిలితో తాగి, చాలాసేపు ఆ గట్టు మీదే కూర్చున్నాడు. ఆ రోజు ఎవరూ అతన్ని పలకరించలేదు.

ఆ కోటకు ఒక కాపలాదారు ఉండేవాడు. చేపలు పట్టేవాళ్ళ కులం ముసలాయన. తీరపు కన్నడం మాట్లాడేవాడు. మా వైపు అందరికీ కన్నడం వచ్చు కాబట్టి మాటకు ఇబ్బంది రాలేదు. కోట గురించి పుస్తకంలో చదువుకున్నవాడు కాదు గాని, తాతల నుంచి విన్నదంతా అతనికి నోటికి వచ్చు. మధ్యాహ్నం పని ఆపినప్పుడు మాకు చెప్పేవాడు. నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. పని పూర్తయ్యాక కోట చరిత్ర మీద ఒక చిన్న పుస్తకం వేయాలనీ, దానికి విషయం సేకరించమనీ కాంట్రాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

ముసలాయన చెప్పినదాని ప్రకారం, మొదట్లో అక్కడ చేపలు ఎండబెట్టుకునే బండలు తప్ప ఏమీ లేవు. తీరాన్ని ఏలిన ఒక నాయకుడు మిరియాలు మోసుకుపోయే ఓడల మీద కన్నేసి ఉంచడానికి గోడ కట్టించాడు. సముద్రం అవతలి నుంచి గుర్రాలు వచ్చేవి. ఓడలో జబ్బుపడ్డ గుర్రాలను దీవి మీదే విడిగా కట్టేసి, బతికినవాటిని ఘాట్లు ఎక్కించి లోపలి దేశపు రాజులకు తోలేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడు మా పెనుగొండ గుర్తొచ్చింది నాకు. ఆ గుర్రాలలో కొన్ని మా ఎర్రమట్టి మీద నడిచి ఉంటాయి కదా అనుకున్నాను. తరువాత ఒక సుల్తాను సైన్యం కోటను పట్టుకుంది. బురుజులు పెంచింది, ఫిరంగులు తెచ్చింది, నేల కింద మందుగుండు గది కట్టింది. ఆ తరువాత తెల్లవాళ్ళు.

"తెల్లవాళ్ళు ఎట్లా గెలిచారు? పెద్ద యుద్ధం జరిగిందా?" అని అడిగాను.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. యుద్ధం జరగలేదట. అక్కడ ఏటా నాలుగు నెలలు సముద్రం మూసుకుపోతుంది. వానకాలం మొదలైతే పడవ రాదు, పోదు. అందుకని జ్యేష్ఠమాసం రాకముందే కోటలో ఉన్న సిపాయిలకు నాలుగు నెలల బియ్యం, కట్టెలు, నూనె చేర్చేవాళ్ళు. ఒక ఏడు లోపలి దేశంలో ఎక్కడో యుద్ధం. సుల్తాను మనుషులు ఆ హడావుడిలో పడి దీవిని మరచిపోయారు. గింజలు రాలేదు. వానలు వచ్చేశాయి. కోటలో ఉన్న సిపాయిల్లో చాలామంది సముద్రపు మనుషులు కాదు, ఘాట్ల పైనుంచి వచ్చిన మెట్టదేశం వాళ్ళు. తమ దేశంలో కరువైతే కొలువులో చేరినవాళ్ళు. ఒడ్డు కళ్ళకు కనిపిస్తూనే ఉంది, చేరే దారి లేదు. వానలు తగ్గాక పడవ వెళ్ళేసరికి మనుషులు పదిమంది కూడా లేరు. ఆ తరువాత తెల్లవాళ్ళ ఓడలు వచ్చినప్పుడు ఆ మిగిలినవాళ్ళే తలుపు తీశారు.

పడమటి గోడ కింద పొడుగాటి రాళ్ళు వరసగా ఉండేవి. వాటి మీద ఒక్క అక్షరం లేదు. అవి ఆ సిపాయిల సమాధులని ముసలాయన చూపించాడు.

నేను ఇదంతా ఉత్సాహంగా రాసుకున్నాను. పుస్తకానికి మంచి ఘట్టం దొరికిందని సంబరపడ్డాను కూడా. మేస్త్రి మాత్రం ఆ రాళ్ళ దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. "చేతగాని మనుషులు పాతినారు. ఒక్కటీ మట్టానికి లేదు" అన్నాడు. కాసేపటికి మళ్ళీ తనే, "తిండి లేనోళ్ళు ఇంగెట్ల పాతుతారులే" అన్నాడు.

*

నాలుగు నెలలు పని బాగా సాగింది. బియ్యం వేళకు వచ్చేది. మా ఊళ్ళో మూడేళ్ళుగా చిక్కిపోయిన మనుషులకు చెంపలు వచ్చాయి. బిడ్డ బోర్లా పడింది, పాకింది. పడమటి బురుజు పూర్తయింది. వాయవ్యంలో ఉన్న పెద్ద బురుజు మీద చివరి రెండు వరసలూ, పైన సున్నపు గచ్చూ మిగిలాయి.

వైశాఖం చివర ఒక గురువారం పడవ వచ్చింది. ఆ పడవలోనే కాపలా ముసలాయన వెళ్ళిపోతున్నాడు. ఏటా అతను ఆ వేళకు ఒడ్డుకు వెళ్ళిపోయి వానలయ్యాక తిరిగి వస్తాడట. పడవవాడు నాకు కాంట్రాక్టరు చీటీ ఇచ్చాడు. బురుజు పైభాగం మూయకుండా వదిలేస్తే వాననీరు లోపలికి దిగి గోడ పగిలిపోతుందనీ, నాలుగు రోజుల్లో ముగించమనీ, సోమవారం పడవ పంపుతాననీ అందులో ఉంది. చివర ఇంకొక వాక్యం: ఇది సరిగ్గా చేసి వస్తే నా ఉద్యోగం పర్మనెంటు.

ముసలాయన తన మూట పడవలో పెట్టి, నన్ను మెట్ల పక్కకు పిలిచాడు. "సోమవారం దాకా ఆగదు. గాలి తిరిగింది. గోడ పోతే పోనీ. అందరినీ ఇప్పుడే ఎక్కించు" అన్నాడు.

"నాలుగు రోజులే కదా తాతా."

"నాకు డెబ్బై ఏళ్ళు. ఈ సముద్రం గురించి అబద్ధం చెప్పి నేను నీకేమీ అమ్మడం లేదు. ఎక్కించు."

నేను సరేనన్నట్టు తల ఊపాను. కాని ఎక్కించలేదు. పడవ వెళ్ళిపోయింది.

మేస్త్రి పైనుంచి చూస్తున్నాడు. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి ఉలి పక్కన పెట్టి అడిగాడు. "ఏమంటాండాడు ముసలాయన?"

"ఏంలేదు చిన్నాయనా. జాగ్రత్తగా ఉండమన్నాడు. సోమవారం మనకు పడవ వస్తాది."

"నువ్వు చెప్తే సాలు" అన్నాడు. ఉలి తీసుకున్నాడు.

ఆ క్షణంలో నా మనసులో ఏముందో ఇన్నేళ్ళ తరువాత కూడా నాకు స్పష్టంగా గుర్తుంది. అక్కడ సముద్రం లేదు, వాళ్ళు లేరు, చీటీలోని ఆ చివరి వాక్యమే ఉంది. ఏడాదిన్నర మా నాయన నన్ను ఏమీ అనకుండానే చూసిన చూపులు ఉన్నాయి. నాలుగు రోజులకు ఏమవుతుందిలే అనుకున్నాను. నేను చెడ్డవాణ్ణి కాదని ఆ తరువాత చాలామంది అన్నారు. చెడ్డవాడు చేసే పనికీ నేను చేసినదానికీ ఫలితంలో ఏమి తేడా ఉందో ఎవరూ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం బురుజు పని ముగిసింది. ఆదివారం పొద్దున వాన మొదలైంది. మా వాళ్ళు పని చొక్కాలతోనే బయటికి పరుగెత్తారు. ఆడవాళ్ళు కొంగులు పట్టి నీళ్ళు నింపుకుని ఒకరి మీద ఒకరు పోసుకున్నారు. మేస్త్రి అరచేతులు చాచి, కళ్ళు మూసుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "మన తట్టు గూడా పడతాంటాదా నాయనా?" అని వాళ్ళ కూతురు అడిగింది. "పడతాంటాది" అన్నాడు అతను. పడలేదని మాకు తరువాత తెలిసింది.

సోమవారం పడవ రాలేదు. అలలు దిగుడుమెట్ల మీద సగం దాకా కొడుతున్నాయి. మంగళవారం అవి తలుపు గడప దాకా వచ్చాయి. ఒడ్డున కొబ్బరిచెట్లూ, ఇళ్ళ మీద పొగా మాకు కనిపిస్తూనే ఉన్నాయి. వాన తెరిపి ఇచ్చినప్పుడు అక్కడ మనుషులు నిలబడి మావైపు చూడటం కూడా కనిపించేది. మేం చీరలు ఊపేవాళ్ళం. వాళ్ళూ ఏదో గుడ్డ ఊపేవాళ్ళు. అంతే.

మా దగ్గర ఆరు రోజుల బియ్యం ఉంది. పందొమ్మిది రోజులు ఉన్నాం.

కప్పు ఉన్న చోటు మందుగుండు గది ఒక్కటే. అందరం అందులోనే. గోడలు చెమ్మకు కారుతుండేవి. ఎండుకట్టెలు ఐదు రోజులకు అయిపోయాయి. ఆ తరువాత బియ్యాన్ని నానబెట్టి పచ్చివే నమిలాం. బండలకు అంటుకున్న గుల్లలను అల్లుడు ఉలితో ఊడదీసుకొచ్చేవాడు. ఒకసారి అల అతన్ని మెట్ల మీద నుంచి లాగబోతే ఇద్దరు పట్టుకుని పైకి ఈడ్చారు. మేస్త్రి ఇక ఎవరినీ మెట్లు దిగనివ్వలేదు.

మేస్త్రి తన వాటా తినడం లేదని నేను కనిపెట్టడానికి వారం పట్టింది. గుప్పెడు నోట్లో వేసుకున్నట్టు చేసి, అది కూతురి కొంగులో పోసేవాడు. ఆమె పాలిచ్చే తల్లి. "నాకు పచ్చి బియ్యం పడదు" అనేవాడు. పదకొండో రోజుకు అతనికి విరేచనాలు పట్టుకున్నాయి, జ్వరం వచ్చింది. మాకు తెలిసిన ఆకు ఒక్కటీ ఆ దీవి మీద లేదు. కూతురు తన చీర చింపి తడిపి నుదుటి మీద వేస్తూ కూర్చుంది.

పద్నాలుగో రోజు పగటిపూట వాన కాస్త తగ్గింది. మిగతావాళ్ళు తడి బట్టలు ఆరేసుకోవడానికి బయటికి వెళ్ళారు. కూతురు బిడ్డను తీసుకుని గాలికి వెళ్ళింది. గదిలో నేనూ మేస్త్రీ మిగిలాం. అతను కళ్ళు తెరిచి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"అప్పా, ఆ పొద్దు ముసలాయన నిజంగా ఏం చెప్పినాడు?"

నేను అతని నుదుటి మీది గుడ్డ తీసి తడపబోయాను.

"నాకు తెలుసు. నువ్వు నా తట్టు సూడకుండా చెప్తివి. అయినా నీ నోటితో చెప్పు."

చెప్పాను. చీటీలో ఏముందో, ముసలాయన ఏమన్నాడో, నేను ఎందుకు దాచానో అంతా. చెబుతూ ఏడ్చాను. అతను ఏడవడం ఆపమని కూడా అనలేదు. కోప్పడతాడేమోనని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండునని అనుకున్నాను.

చివరికి అన్నాడు. "మావోళ్ళకు ఈడ చెప్పొద్దు. మా అల్లుడు నిన్ను సంపేస్తాడు. నువ్వు సస్తే వీళ్ళను ఇంటికి తోడుకోని పోయేవాడు లేడు. బస్సులు, ఊర్లు నీకే తెలుసు. ఇల్లు చేరినంక చెప్పు."

తరువాత, "మా ఆడదానికి నువ్వే చెప్పల్ల. ఇంగెవురినీ పంపొద్దు" అన్నాడు.

రెండు రోజుల తరువాత పొద్దున పూట, కూతురి ఒళ్ళో తలపెట్టుకుని పోయాడు.

పాతిపెట్టడానికి చోటు వెతికాం. ఎక్కడ తవ్వినా మూరెడు మట్టి, కింద బండ. మోకాలి లోతు దొరికింది పడమటి గోడ కింద మాత్రమే, ఆ సిపాయిల రాళ్ళ పక్కన. అల్లుడు మిగిలిపోయిన రాళ్ళను చెక్కి, తడిసిన సున్నాన్నే పిసికి, చుట్టూ పేర్చాడు. తిండి లేకపోయినా ఒక్కో రాయికీ మట్టం చూసుకుంటూ సాయంత్రం దాకా చేశాడు. నేను సాయం చేయబోతే వద్దన్నాడు. సంగతి అతనికి తెలిసి కాదు. మామ పని ఇంకొకరి చేతిలో పెట్టడం ఇష్టం లేక.

పందొమ్మిదో రోజు సముద్రం సగం పూట శాంతించింది. చేపలవాళ్ళు రెండు పడవలు వేసుకుని వచ్చారు. మొదటి పడవలో కాపలా ముసలాయన నిలబడి ఉన్నాడు. దిగగానే మమ్మల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. లెక్క ముగిశాక నా ముఖం చూసి, తల తిప్పుకున్నాడు.

*

ఘాట్లు ఎక్కేదాకా బస్సు అద్దాల మీద వాన కొడుతూనే ఉంది. ఘాట్లు దాటాక ఆగిపోయింది. బళ్ళారి దాటేసరికి దుమ్ము. రాయదుర్గంలో దిగేసరికి ఆకాశంలో మబ్బు తునక లేదు. మా ఊరి దారి పొడవునా దుక్కి దున్నని చేలు, పగుళ్ళు. కూతురు బిడ్డ ముఖం మీద కొంగు కప్పుకుని నడిచింది.

మేస్త్రి భార్య గుడిసె ముందు మేకకు వేపకొమ్మ విరుస్తోంది. మమ్మల్ని దూరం నుంచే చూసింది. దగ్గరికి వచ్చేకొద్దీ ఆమె కళ్ళు మా వెనక వెతికాయి. కూతురు ముందుకు పరుగెత్తి ఆమె మీద పడింది. ఆ ఏడుపుకు మిగతా గుడిసెల వాళ్ళంతా బయటికి వచ్చారు.

అంతా కాస్త సద్దుమణిగాక ఆమె నన్ను అడిగింది. "ఎట్ల పాయనప్పా?"

మేస్త్రి నన్నే చెప్పమన్నాడు కాబట్టి చెప్పాను. జబ్బు గురించి మాత్రమే చెప్పి లేచి వెళ్ళిపోయి ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. కాని చీటీ గురించీ, ముసలాయన మాట గురించీ, అబద్ధం గురించీ అందరి ముందరా చెప్పాను. కూతురూ అల్లుడూ అప్పుడే మొదటిసారి విన్నారు.

అల్లుడు లేచాడు. నా చొక్కా పట్టుకుని లేపి గోడకు కొట్టాడు. రెండో దెబ్బకు చెయ్యి ఎత్తి, దించేశాడు. వెనక్కి తిరిగి నడుచుకుంటూ చేల వైపు వెళ్ళిపోయాడు. కూతురు నన్ను చూడనైనా చూడలేదు.

మేస్త్రి భార్య అడిగిన ప్రశ్నలు మూడు. "మట్టిలో పెట్టినారా, రాళ్ళలోనా?" "ఆఖరుకు ఏమన్నా తిన్న్యాడా?" "నా పేరు ఎత్తినాడా?"

మొదటిదానికి రెండూ అన్నాను. రెండోదానికి లేదన్నాను. మూడోదానికి, ఈ సంగతి మీకు నన్నే చెప్పమన్నాడని చెప్పాను. ఆమె తల ఊపింది.

"చెప్పినావు గదా. ఇంగ పో. మా గుడిసెల తట్టు రాగాకు."

మా నాయనకు అప్పటికే కబురు అందింది. నేను ఇంట్లోకి అడుగు పెడుతుంటే చూరు కింద కూర్చుని ఉన్నాడు. నాలుగు రోజుల తరువాత, "వాళ్ళ ఇంటికి జొన్నలు పంపిస్తి. తీసుకోల్యా. గడప బయటనే పెట్టి వస్తే, అట్లనే ఉండినాయి" అన్నాడు. అంతకు మించి నన్ను ఏమీ అనలేదు. ఆయన బతికినన్నాళ్ళూ మా ఇంట్లో రాతిపనికి ఆ గుడిసెల నుంచి ఎవరూ రాలేదు. ఇంటి వెనక గోడ కూలితే కళ్యాణదుర్గం నుంచి మనుషులను పిలిపించాల్సి వచ్చింది.

ఆ పర్మనెంటు ఉద్యోగం నేను తీసుకున్నాను. దీన్ని రాయకుండా వదిలేద్దామని చాలాసార్లు అనుకున్నాను. రెండు నెలలు మంచం మీద పడుకుని, మూడో నెలలో వెళ్ళి చేరాను. ఇంట్లో తిండి లేదు, ఇంకో దారి కనిపించలేదు అని చెప్పుకోవచ్చు. అది నిజమే. అయినా తీసుకున్నాను. మూడేళ్ళు అదే కాంట్రాక్టరు దగ్గర పనిచేశాను.

కోట చరిత్ర పుస్తకం కూడా నేనే రాశాను. నాయకుడు, గుర్రాలు, సుల్తాను, మందుగుండు గది, గింజలు రాని ఏడాది, అన్నీ రాశాను. చివర, మరమ్మతుల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక రాతి మేస్త్రి దీవి మీద చనిపోయాడనీ, సిపాయిల పక్కనే అతని సమాధి ఉందనీ రెండు వాక్యాలు చేర్చాను. అచ్చయి వచ్చిన పుస్తకంలో ఆ రెండు వాక్యాలు లేవు. "చరిత్ర కదా, పాత సంగతులు చాలు" అన్నాడు కాంట్రాక్టరు. ఆ రోజు కూడా నేను ఉద్యోగం మానలేదు. మరుసటి ఏడాది మానేశాను, వేరే కారణానికి.

ఎనభైల చివర రాయదుర్గం బస్టాండులో మేస్త్రి కూతురు కనిపించింది. దగ్గర్లోనే ప్యాంట్లు కుట్టే చోట పని చేస్తోందట. వేళ్ళకు నీలం రంగు పట్టి ఉంది. పక్కన ఆరేడేళ్ళ ఆడపిల్ల. ఆ బిడ్డే. నేను తల దించుకుని పక్కకు తప్పుకోబోయాను. ఆమే పిలిచింది.

"అన్నా, నిలబడు."

నిలబడ్డాను.

"మాయమ్మ పోయి ఏడాదయింది. పోకముందు ఒకటే అడిగింది. ఆయప్పను పెట్టిన సోటుకు పోయి, ఒక కాయ కొట్టి రమ్మని. మాకు దోవ తెలీదు. నువ్వు చెప్పు."

"నేను తోడుకొని పోతా" అన్నాను.

"నువ్వు వద్దు" అంది. గొంతులో కోపం లేదు. బస్సు నంబరు అడిగినంత మామూలుగానే అంది. "దోవ చెప్పు సాలు. ఏ బస్సు, యాడ దిగల్ల, ఏ నెలలో పోవల్ల."

టికెట్టు వెనక రాసివ్వబోయాను. "రాయొద్దు, నోటితో చెప్పు, మా ఆయనకు నేనే చెప్తా" అంది. బళ్ళారి, అక్కడి నుంచి ఘాట్లు దిగే బస్సు, తీరపు ఊరు, చేపలవాళ్ళ వాడ, పడవ. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా ఎప్పుడైనా పోవచ్చనీ, ఆ తరువాత వద్దనీ చెప్పాను. పెద్ద వాకిలి దాటి ఎడమ చేతి పక్కన గోడ వెంట నడవమన్నాను. ఆమె ఒక్కో మాటా తిరిగి చెప్పింది. ఒకచోట తప్పింది. మళ్ళీ చెప్పించుకుంది. పిల్ల తల్లి కొంగు పట్టుకుని నన్ను చూస్తూ నిలబడింది. కళ్యాణదుర్గం బస్సు రాగానే ఇద్దరూ ఎక్కేశారు.

ఆ చలికాలంలో వాళ్ళు వెళ్ళివచ్చారని ఊళ్ళో విన్నాను. ఆ చోటు దొరికిందో లేదో, వాళ్ళు అక్కడ ఎంతసేపు కూర్చున్నారో నాకు తెలియదు. ఒకటి రెండుసార్లు అల్లుడు సంతలో ఎదురుపడ్డాడు. అడగాలనే అనిపించింది. అతను నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు. నేను అడగలేదు.